రెండు దీర్ఘాలు

ఆ వేసవి మొదట్లో మోకులాయన చేతిలో ఉన్నవి ఇవి: పేని చుట్టలు చుట్టి పెట్టిన మోకు మూడు వందల బారలు. మరో అయిదు వందల యాభై బారలకు సరిపోయే జనుము నార. రేవు వీధి చివర నూట ఇరవై అంగల పొడవున్న పాక. అందులో తాళ్ళు పేనేవాళ్ళు ఆరుగురు, వాళ్ళ మీద ఒక మేస్త్రి. ఇంట్లో, ఉన్నమాట మొహం మీదే అనేసే భార్య. ఆమెకు ఒక తమ్ముడు, కోటలో రాతల కచేరీ లేఖకుడు.

మెడ మీద ఉన్నది మాత్రం ఒక్కటే. కోట పడవలకు వానలు పడేలోపు ఎనిమిది వందల బారల మోకు అప్పజెప్పాలి. ఒక్క బార తగ్గినా పాక కోటది అవుతుంది. ఆ సంగతి మాటలో మాటగా చెప్పింది కాదు. కోట ముద్రతో పాక గుమ్మానికి అంటించి పోయారు.

ఎనిమిది వందలకు ఎనిమిది వందల యాభై ఉంటే ఇంక దిగులేమిటయ్యా అని అడిగేవాళ్ళకు బారాయన సంగతి తెలియదు.

బార అంటే మనిషి రెండు చేతులూ చాపి తాడు పట్టుకుంటే ఈ పిడికిలి నుంచి ఆ పిడికిలి దాకా. నాలుగు మూరలని ఊరంతా అనుకుని నడుపుకుంటున్న లెక్క. కోటకు మాత్రం సొంత కొలతగాళ్ళు ఇద్దరున్నారు. కోట కొనేటప్పుడు బారాయన వచ్చేవాడు. ఏ గుమ్మంలోంచి దూరినా నడుం వంచాల్సిందే. ఊరికే నిలబడితే చేతులు మోకాళ్ళను తాకేవి. ఆయన బార నాలుగు మూరల మీద జానెడు. కోట తన పడవల పాత తాళ్ళు అమ్మేటప్పుడు కురచాయన వచ్చేవాడు. ఆయన చేతులు చాపితే చిన్నపిల్లాడి చొక్కా ఆరేసినట్టుండేది. ఆ పాత తాళ్ళు కొని, పురి విప్పి, పీచు చేసి, పడవ పలకల సందుల్లో కూరుకునేవాళ్ళకు అమ్మడం మోకులాయన రెండో వ్యాపారం. అంటే ఇచ్చేటప్పుడు బారాయన చేతుల్లో పోయేది, తెచ్చుకునేటప్పుడు కురచాయన చేతుల్లో పోయేది.

ఎనిమిది బారలకు ఒక బార ఊరికే పోతుంది. ఎనిమిది వందలకు నూరు. తొమ్మిది వందలు పేనితే గాని కోట లెక్కలో ఎనిమిది వందలు కావు. ఉన్నది ఎనిమిది వందల యాభై. తక్కిన నార కొందామంటే యుద్ధానికని కోటే ఊరంతా ఊడ్చేసింది. కొత్త పంట వానల తరవాత మాటే.

ఆ యుద్ధం ఏటి అవతల జరిగింది. రాజు పాతికేళ్ళవాడు, తొందరపాటు మనిషి. వెళ్ళేటప్పుడు ఎనభై పడవలు, వచ్చేటప్పుడు ముప్ఫై. మళ్ళీ పడవలు కట్టాలంటే కలప కావాలి, బళ్ళు కావాలి, మేకులు కావాలి, మోకులు కావాలి. ఈసారి ఊళ్ళో ఎవరూ తలుపు తియ్యలేదు. కలప వ్యాపారి కలప లేదన్నాడు. బండివాళ్ళు చక్రాలు ఊడదీసి అటక మీద పెట్టేశారు. జమీందార్లు మనుషుల్ని పంపలేమన్నారు. మంత్రికి తల ప్రాణం తోకకొచ్చింది. నెల రోజులు ఇటు తిరిగి అటు తిరిగి, చివరికి రాజుతో ఒక మాట అనిపించాడు: ఏయే పనులు రాజు చెయ్యకూడదో రాగిరేకు మీద చెక్కించి నడివీధిలో కొట్టిస్తారు. ఆ మాట దాటితే ఎవరైనా సరే తీర్పరి దగ్గరికి వెళ్ళి అడగవచ్చు. ఆ తీర్పరిని జమీందార్లూ వర్తకులూ కలిసి పెట్టుకుంటారు.

రాజు తన చేతులు తానే కట్టించుకోవడానికి ఒప్పుకున్నాడని ఊరంతా ఆశ్చర్యపోయింది. మోకులాయన ఆశ్చర్యపోలేదు. ఆ చేతులు కట్టే తాడు ఎన్ని పేటలదో చూడాలనుకున్నాడు.

వర్తకుల సావడిలో మంత్రి కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచాడు.

"రేకు చిన్నది. ఒక్కో వృత్తికి ఒక్కటే వరుస. ఆలోచించుకుని చెప్పండి."

బండివాళ్ళ పెద్ద, అడక్కుండా బండి తోలుకుపోకూడదని చెప్పాడు. కలపాయన, చెట్టు కొట్టేముందు ఆసామిని అడగాలన్నాడు. మోకులాయన వంతు వచ్చింది. ముందురోజు ఇంట్లో ఈ వరుస గురించే భార్యతో వాదన అయింది.

"ఇంకో నాలుగు మాటలు వేయించండి. ఎవరు కొలవాలి, దేంతో కొలవాలి, కొనేటప్పుడా అమ్మేటప్పుడా, అన్నీ ఉండాలి," అంది ఆవిడ.

"ఎంత ఎక్కువ మాట ఇస్తే అంత పట్టుకుని లాగుతారే వాళ్ళు. పొట్టిగా ఉంటేనే గట్టిగా ఉంటుంది."

"మీ ఇష్టం. మోకులో పొదుపు చెయ్యరు గానీ మాటలో చేస్తారు."

మంత్రి ముందు నిలబడి మోకులాయన గొంతు సవరించుకుని చెప్పాడు: "వర్తకుడూ రాజూ కొలిచిన కొలతకు కట్టుబడాలి."

ఎవరో వెనక కిసుక్కుమన్నారు. మంత్రి కూడా మీసం చాటున నవ్వాడు. "అంతేనా? సాగదీయకుండా చెప్పవయ్యా."

"అంతేనండీ."

సాగదీత సంగతి ఇది. పాక ఈ చివర చక్రం తిప్పేవాడికి ఆ చివర నార పట్టుకున్నవాడు వినపడాలంటే నూట ఇరవై అంగలు అరవాలి. పట్టూ, తిప్పూ, ఆపూ. ముప్ఫై ఏళ్ళు అలా అరిచాక ఇంట్లో మంచినీళ్ళు అడిగినా మాట చివర సాగుతుంది. తాళ్ళవాళ్ళను ఊళ్ళో సాగుడుగాళ్ళని వెక్కిరించేవారు. మోకులాయన పట్టించుకునేవాడు కాదు. ఆయన బావమరిది మాత్రం కచేరీలో చేరినప్పటి నుంచి బావ పక్కన నలుగురిలో నిలబడటం మానేశాడు.

పది రోజులకు రేకు నడివీధిలో కొట్టారు. చాటింపు వేసేవాడు అన్ని వరుసలూ గొంతెత్తి చదివాడు. మోకులాయన పనిలో ఉండి వెళ్ళలేదు. ఆ సాయంత్రం మేస్త్రి వచ్చి, మన వరుస భేషుగ్గా చదివాడండీ అని చెబితే సరేలే అనుకున్నాడు. మర్నాటి నుంచి పని జోరందుకుంది. ఎనిమిది వందల యాభైలో ఎనిమిది వందలు కోటకు, యాభై తన చేతికి. లెక్క కుదిరింది.

అయిదు వందల బారలు పూర్తయిన రోజున బారాయన వచ్చాడు. ఇక రాడేమో అనుకున్న మనిషి గుమ్మంలో నడుం వంచుతుంటే మోకులాయన చక్రం దగ్గర నుంచి లేచాడు.

"ఏంటయ్యా ఇలా వచ్చావు?"

"కొలవడానికండి. తయారైంది తయారైనట్టు కొలిచి ముద్ర వేసి రమ్మన్నారు."

"రేకు చూళ్ళేదా నువ్వు?"

"చూశానండి. మనకి చదువు రాదు గానీ, మంత్రిగారి గుమాస్తా చదివి వినిపించాడు." బారాయన ఆనందంగా చేతులు చాపాడు. ఒక చెయ్యి స్తంభానికి తగిలింది. "వర్తకుడు రాజు కొలిచిన కొలతకు కట్టుబడాలి. ఇన్నాళ్ళూ ఏదో అలవాటు కొద్దీ కొలిచేవాణ్ణండి. ఇప్పుడు రేకే చెబుతోంది. మీరే అడిగి మరీ రాయించారట! మంత్రిగారు మిమ్మల్ని మెచ్చుకున్నారు కూడా."

మోకులాయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చక్రం ఆపమని కూడా చెప్పకుండా వీధిలోకి నడిచాడు.

ఆయన చదువు మూటల మీద రాతల వరకే. అయినా రేకు ముందు నిలబడి వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివాడు. వర్తకుడు. కొమ్ము ఒక్కటే. పైకి వంపు తిరిగిన తోక లేదు. రాజు. అక్కడా లేదు. రెండు చోట్లా రెండు తోకలు, చిటికెన వేలి గోరంత. అవి ఉంటే వర్తకుడూ, రాజూ ఇద్దరూ కట్టుబడాలి. లేకపోతే రాజు కొలుస్తాడు, వర్తకుడు కట్టుబడతాడు. ఇన్నాళ్ళూ దౌర్జన్యం అనేవాళ్ళు. ఇప్పుడు దానికి చట్టమని పేరొచ్చింది. పేరు పెట్టింది తనే.

ఇంటికి వచ్చి భార్యను కేకేశాడు. "మీ తమ్ముణ్ణి పిలిపించు."

బావమరిది మధ్యాహ్నం భోజనం వేళకు వచ్చాడు. చేతులకు సిరా, మెళ్ళో కచేరీ బిళ్ళ. పీట మీద కూర్చుని కంచం వంక చూస్తున్నాడు గానీ అందులో ఇంకా ఏమీ లేదు. ఆవిడ వడ్డించడం మొదలుపెట్టలేదు.

"రేకు రాత నువ్వే కదరా రాసి ఇచ్చింది?"

"నేనే బావా. మంత్రిగారు అందరి వరుసలూ నాకే ఇచ్చారు. మంచి దస్తూరీ అని."

"నా దీర్ఘాలు ఏవి?"

"ఏ దీర్ఘాలు?"

"వర్తకుడూ. రాజూ."

బావమరిది మొహంలో జాలి కనిపించింది. నిజంగానే జాలి. "అవా? నేనే తీసేశాను బావా. నువ్వు చెప్పినప్పుడు సావడిలో అందరూ నవ్వారట. రాగిరేకు మీద కూడా సాగుడు ఎక్కితే మన పరువేం కావాలి? పిల్లలు పుట్టి పెరిగి చదువుకుని ఆ రేకు ముందు నిలబడి మా తాత ఇలా మాట్లాడేవాడా అనుకోవాలా? శుభ్రంగా సరిచేశాను."

మోకులాయన లేచి గోడ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"ఒరే, అది సాగుడు కాదురా. అక్కడ అదే అర్థం!"

"నాకెలా తెలుస్తుంది బావా? నువ్వు 'అన్నం పెట్టూ' అంటావు. 'దీపం వెలిగించూ' అంటావు. అందులో ఏది అర్థం, ఏది అలవాటు?"

"చదువుకున్నవాడివి కదరా!" అంది అక్క. "వరుస మొత్తం ఒకసారి చదివితే తెలిసి చచ్చేది కదా."

"చదివానక్కా. రాజు కొలిస్తే వర్తకుడు కట్టుబడతాడు. అందులో తప్పేముంది? మా కచేరీలో అన్ని రాతలూ అలాగే ఉంటాయి."

ఆవిడ గరిటె కింద పెట్టింది. "నువ్వు అన్నం తినేసి వెళ్ళు. ఇంకేం మాట్లాడకు."

మర్నాటి నుంచి మోకులాయన తిరుగుడు మొదలైంది. ముందు రేకు చెక్కినాయన దగ్గరికి వెళ్ళాడు. ఆయన ఉలి తుడుచుకుంటూ విన్నాడు.

"రెండు తోకలేగా. పొద్దున కూర్చుంటే ఎండ ఎక్కేలోపు అయిపోతుంది."

"మరి చెయ్యవయ్యా."

"చేస్తాను. తరవాత కోటవాళ్ళు నా చెయ్యి తీసేస్తారు. అది ఇంకా త్వరగా అయిపోతుంది." నవ్వాడు గానీ ఉలి ముట్టుకోలేదు. "కచేరీ నుంచి రాత తీసుకురండి. ఒక్క అక్షరానికైనా రాత కావాలి."

రాతల కచేరీలో బావమరిది పై అధికారి, ముసలాయన, అన్నీ విని తల ఊపాడు. రేకు మీద మాట మార్చాలంటే రాజుగారి ఆజ్ఞ కావాలి. రాజుగారి ముందుకు పోవాలంటే మంత్రిగారి చీటీ. మంత్రిగారి గుమ్మంలో ఎండలో మూడు రోజులు నిలబడితే చీటీ గుమాస్తా దర్శనమిచ్చాడు. కొలతల విషయం కాబట్టి కొలతల అధికారి దగ్గర నుంచి నివేదిక తెమ్మన్నాడు.

"కొలతల అధికారి ఎవరండీ?"

"కొత్తగా వేశారు. మీకు తెలిసినాయనే." గుమాస్తా కిటికీలోంచి చూపించాడు. బయట చెట్టు కింద బారాయన నిలబడి, ఎవరి దగ్గరో తీసుకున్న సున్నంతో అరచేతిలో పొగాకు నలుపుకుంటున్నాడు.

మోకులాయన ఆ చెట్టు దాకా వెళ్ళాడు కూడా. బారాయన చెడ్డవాడేం కాదు. చేతులు నలుపుకుంటూ, "నా చేతులు పొడుగని నేనే ఎలా రాసిస్తానండీ? నాకూ ఇంట్లో నలుగురు ఉన్నారు. ఈ చేతులే నాకు పొలం, ఈ చేతులే నాకు పశువు," అన్నాడు. ఆ మాట నిజమే. నిజమని ఒప్పుకోవాల్సి రావడంతో ఒళ్ళు ఇంకా మండింది.

ఇలా పాతిక రోజులు పోయాయి. పాకలో మేస్త్రి ఏడు వందల బారలు దాటించాడు. నార కుప్ప ఎత్తు తగ్గిపోతోంది. మోకులాయన చెప్పులు అరిగిపోయి కొత్తవి కొన్నాడు. కొన్న రోజునే తీర్పరి దగ్గరికి బయల్దేరాడు.

తీర్పరి ఒకప్పుడు ధాన్యం వ్యాపారి. రేకు మీద రాసిన మాట ఎవరైనా దాటితే వినడానికి కూర్చోబెట్టిన మనిషి. సావడి వెనక గదిలో ఒక బల్ల, నాలుగు పీటలు, గోడకు రేకు నకలు. కోట తరఫున మంత్రే బారాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. రేకు మీద మొదటి వ్యాజ్యం కాబట్టి ఎలా ఉంటుందో చూద్దామని వీధిలో సగం మంది కిటికీల దగ్గర చేరారు. బావమరిదిని సాక్ష్యానికి పిలిపించారు. జ్వరమని కబురు పంపాడు. చాటింపు వేసేవాడు మాత్రం వచ్చాడు.

"నువ్వు చదివినప్పుడు ఎలా చదివావు?" అని అడిగాడు తీర్పరి.

"వర్తకుడూ... రాజూ... అనే చదివానండి."

మోకులాయన కళ్ళు మెరిశాయి. "విన్నారా!"

"అంటే, నేను అన్నీ అలాగే చదువుతానండి," అన్నాడు చాటింపువాడు. "మొన్న తప్పిపోయిన గేదె గురించి చాటినప్పుడు కూడా గేదే... అనే అరిచాను. లేకపోతే వీధి చివరకు వినపడదు."

కిటికీల దగ్గర నవ్వులు. తీర్పరి బల్ల మీద చేత్తో కొట్టాడు.

మంత్రి నెమ్మదిగా మాట్లాడాడు. "తీర్పరిగారూ, ఆయన మనసులో ఏముందో మనం చూడలేం. రేకు మీద ఏముందో అది చూడగలం. రేకు మీద లేనిది చదవకూడదు. ఈరోజు ఈయన రెండు దీర్ఘాలు కలిపితే, రేపు ఇంకొకరు రెండు మాటలు కలుపుతారు. ఇక ఆ రేకు దేనికి?"

తీర్పరి తల పట్టుకున్నాడు. "ఆయన చెప్పింది సబబుగానే ఉందయ్యా. లేనిది నేను చదవలేను. ఉన్నది ఉన్నట్టే చదవాలి. అలా చదవడానికే నన్నిక్కడ కూర్చోబెట్టారు."

అప్పుడు మోకులాయనకు చిర్రెత్తుకొచ్చింది. పాతిక రోజుల ఎండ, గుమాస్తాల మొహాలు, బావమరిది జాలి, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

"ఉన్నది ఉన్నట్టేనా? అయితే ఉన్నది ఉన్నట్టే చేయండి! రాజు కొలిచిన కొలత అని కదా ఉంది? రాజునే రమ్మనండి! వచ్చి ఆయన చేతులే చాపమనండి! ఈ పొడుగాయన రాజా? ఈయనకెవరు పెట్టారు కిరీటం?"

ఆయన కోపంతో అన్న మాటే అది. తిట్టు లాంటిది. అన్నాక ఇంకా ఏదో అనబోయి, తీర్పరి వంక చూసి ఆగాడు. తీర్పరి తల ఎత్తి గోడ మీద నకలు వైపు చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. బేరంలో ఎదుటివాడు ఆలోచనలో పడ్డప్పుడు నోరు మూసుకోవాలన్నది ముప్ఫై ఏళ్ళ వ్యాపారం నేర్పిన సంగతి. మోకులాయన నోరు మూసుకున్నాడు.

"రాజు కొలిచిన," అన్నాడు తీర్పరి.

మంత్రి కంగారుగా ముందుకు వంగాడు. "రాజు అంటే రాజు పంపిన మనిషి కూడానండీ. అది అందరికీ తెలిసిందే."

"ఎక్కడుందండీ ఆ 'కూడా'?" అన్నాడు మోకులాయన. ఈసారి అరవలేదు. "రాజు పక్కన ఇంకెవరూ ఉండకూడదనే కదా నా దీర్ఘం తీసేసింది? ఇప్పుడు పక్కన బారాయన ఎలా వచ్చాడు?"

కిటికీల దగ్గర ఎవరో ఈల వేశారు. తీర్పరి మందలించలేదు.

"రేకు మీద లేనిది చదవకూడదని మీరే అన్నారు మంత్రిగారూ," అన్నాడు. "నేను మీ మాటే తీసుకుంటున్నాను. ఈ మోకుకు రాజుగారి కొలతే కొలత. రాజుగారు కొలిచేదాకా ఎంత పొడుగు చేతులు పెట్టినా అది కొలత కాదు."

రాజు వస్తాడని ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. మంత్రి కూడా నమ్మలేదట. తరవాత బయటికి వచ్చిన కబురు ఇది: రేకు మాట రాజు తప్పాడన్న పేరు వస్తే జమీందార్లు మొన్న ఇస్తామన్న మనుషుల్ని వెనక్కి పిలుస్తారు. బండివాళ్ళు మళ్ళీ చక్రాలు అటకెక్కిస్తారు. పడవలు ఎండలో పగుళ్ళిచ్చుకుంటాయి. మంత్రి ఆ సంగతి లెక్కగట్టి చెబితే రాజు ఒక పొద్దంతా గది తలుపు వేసుకుని కూర్చున్నాడట. మర్నాడు ఉదయం మంత్రీ తీర్పరీ బారాయనా వెంట రాగా రేవు వీధిలోకి వచ్చాడు.

పాకలో అందరూ గోడకు అతుక్కుపోయారు. రాజు మామూలు ఎత్తు మనిషి. దగ్గరగా చూస్తే బుగ్గ మీద మశూచి మచ్చలు. తారు వాసనకు ముక్కు ముడుచుకున్నాడు.

"ఏదీ ఆ తాడు?"

"ఇదేనండి ప్రభూ."

"ఎన్ని?"

"ఎనిమిది వందల బారలండి."

"ఎనిమిది వందలూ నేనే?"

ఆ దీర్ఘం మోకులాయన చెవిలో మోగింది. రాజు నోట్లోంచి కూడా ఎంత తేలిగ్గా వస్తోంది! "ఎనిమిది వందలూ తమరేనండి," అన్నాడు.

రాజు చేతులు చాపాడు. వెంటనే మంత్రి అడ్డుపడ్డాడు. "కొలత ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా అండి. రాజుగారి కొలత పిడికిలి కొలత కాదు."

మోకులాయన మోకు చివర ఎత్తి రాజు చేతికి అందించాడు. మూడు పేటల మోకు, మణికట్టంత లావు, తారు పట్టి బరువెక్కింది. "వేలి కొసలతో పట్టుకోగలిగితే అలాగే కొలవండి ప్రభూ. నాకేం అభ్యంతరం లేదు."

రాజు పట్టుకుని చూశాడు. జారింది. ఇంకోసారి పట్టుకున్నాడు. జారి కాలి మీద పడింది. మూడోసారి మామూలుగా పిడికిలి బిగించాడు. "ఇలాగే అందరూ పట్టుకునేది?"

"ఇలాగేనండి."

"మరి వేలి కొసలంటాడేమిటి ఈయన?" అని మంత్రిని చూసి విసుక్కుని కొలవడం మొదలుపెట్టాడు. మేస్త్రి లెక్క పెట్టాడు. పది. పదిహేను. ఇరవై దగ్గర రాజు చేతులు వణకడం మొదలైంది. అరచేతులు తారుతో నల్లబడ్డాయి. ఇరవై ఏడో బార దగ్గర తాడు కింద పడేశాడు.

"చాలు. నా చేతులంత కర్ర ఒకటి కొయ్యండి. మిగతాది దాంతో కొలుచుకోండి."

తీర్పరి పక్కనే ఉన్నాడు. రాజు కొలిచిన కొలతే కాబట్టి సరేనన్నాడు. వడ్రంగి వచ్చి పిడికిలి నుంచి పిడికిలి దాకా వెదురు గడ పెట్టి కోశాడు. అది నాలుగు మూరలకు నాలుగు వేళ్ళు తక్కువ. ఊరి బార కంటే కూడా కురచ. బారాయన ఆ గడను చేతిలోకి తీసుకుని తన చేతులతో పోల్చి చూసుకుని, దాన్ని గోడకు ఆనించి బయటికి వెళ్ళిపోయాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేదేమో. వ్యాపారి కదా, చేతికి అందింది కదా అని మోకులాయన ఇంకో అడుగు వేశాడు. "ప్రభూ, తమరు పాత తాళ్ళు అమ్మేటప్పుడు కూడా ఈ గడతోనే..."

మంత్రి తీర్పరి వైపు తిరిగాడు. "వర్తకుడు కట్టుబడాలని ఉంది గానీ, కోట అమ్మేటప్పుడు ఏం చెయ్యాలో రేకు మీద ఉందా?"

తీర్పరి లేదన్నాడు. ఉన్నది ఉన్నట్టే చదవాలి మరి. కురచాయన ఉద్యోగం అలాగే ఉండిపోయింది.

"అయితే రెండు దీర్ఘాలైనా పెట్టించండి ప్రభూ. గోరంతే. చెక్కేవాడు పొద్దున కూర్చుంటే..."

రాజు చేతులు తుడుచుకోవడానికి గుడ్డ అడుగుతున్నాడు. తారు గుడ్డకు పోదు, నూనె కావాలి. మేస్త్రి నూనె తేవడానికి పరుగెత్తాడు. "కొలత అయిపోయింది కదా," అన్నాడు రాజు ఆయన వైపు చూడకుండానే. "ఇంకా ఏమిటి?"

ఇంకా ఏమిటో చెప్పడానికి మోకులాయన నోరు తెరిచేలోపు రాజు వీధిలోకి వెళ్ళిపోయాడు. అరచేతులు దూరంగా పట్టుకుని, తడి ఆరని గోడల మధ్య నడిచేవాడిలా.

వానలకు ఆరు రోజుల ముందు మోకు అప్పజెప్పారు. ఆ సాయంత్రం మోకులాయన అరుగు మీద కూర్చుంటే భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"ఏం మిగిలింది?" అంది.

ఆయన చెప్పుకుంటూ పోయాడు. పాక మిగిలింది. కొత్త గడ లెక్కన ఎనిమిది వందలంటే ఊరి బారల్లో ఏడు వందల అరవై ఏడు. చేతిలో ఎనభై మూడు బారల మోకు మిగిలింది. బారాయన మళ్ళీ గుమ్మంలో వంగడు. పాపం, రేవులో మూటలు అందుకునే పనికి కుదిరాడట. ఆ చేతులకు అక్కడైనా గిరాకీ ఉంటుంది.

పోయింది కూడా చెప్పాడు. పాతిక రోజుల తిరుగుడు. ఒక జత చెప్పులు. కురచాయన చేతుల్లో పాత తాళ్ళు ఎప్పటిలాగే పోతాయి. మీ తమ్ముడు ఈ గడప తొక్కి నెల దాటింది. రేకు మీద దీర్ఘాలు రెండూ లేవు, ఇక రావు. అడిగింది రాజు కూడా కట్టుబడే కొలత. దొరికింది రాజు చేతుల కొలత. ఈ రాజు పోయి ఇంకో రాజు వస్తే, ఆయన చేతులెంతో ఎవరికి తెలుసు?

"ఇంకేమీ లేదా?"

"ఒకటుంది. అది ఏ వైపు వెయ్యాలో తెలియట్లేదు." అరుగు మీద గోటితో ఒక గీత గీశాడు. "నేను పిలిస్తే రాడు రాజు. నువ్వు పిలిచినా రాడు. జమీందార్లు పిలిచినా పల్లకీ పంపమంటాడు. రేకు మీద ఒక మాట ఉంది, అది తప్పుగా చెక్కిన మాట, అయినా దాని కోసం వచ్చాడు. వచ్చి నా పాకలో నిలబడి ఇరవై ఏడు బారలు కొలిచాడు."

"మరి రాబడి వైపే వేసుకోండి."

"వేస్తాను," అన్నాడు మోకులాయన విసుగ్గా. "ఎనిమిది వందలకు ఇరవై ఏడు. ఇప్పటికి వచ్చింది అంతే."